కంచె దాటని కరెంటు

రెండు వేల సంవత్సరం, జనవరి ఒకటో తేదీ. ఆస్ట్రేలియాలో టూవూంబా ఊరికి పడమర, నల్లరేగడి నేలలో, ఎలి గారి పాల షెడ్డులో ఆ ఉదయం ఉన్నవారు:

ఎలి గారు. డెబ్బై దాటిన రైతు. షెడ్డు ఆయనది.
లిడియా. ఆయన కూతురు. పక్క పొలం ఆమెది, ఆమె భర్తది.
జేకబ్. ఆ భర్త.
కెన్. నా బాస్.
నేను.

ఉన్నవి: పాలు చల్లబరిచే స్టీలు తొట్టి ఒకటి, డీజిల్ ఇంజను ఒకటి, ఇంజను నుంచి కంప్రెసర్‌కు పోయే తోలు బెల్టు, మంచు కట్టే నీళ్ల ట్యాంకు, బయట మేతకు పోతున్న పద్దెనిమిది జెర్సీ ఆవులు.

లేనివి: కరెంటు తీగ, బల్బు, ఫోను, కంప్యూటర్ చిప్పు.

రావలసింది: పాల కంపెనీ ట్యాంకరు. అది ఈ పాలు తీసుకుంటే ఎలి గారు ఇక్కడే ఉంటారు. తీసుకోకపోతే ఆవులను అమ్మేసి, అమెరికాలో తమ్ముళ్ల దగ్గరికి తిరిగి వెళ్లిపోతారు. అంత వయసులో వెళ్లినవారు మళ్లీ రారని లిడియాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

నా పని

నాది రిఫ్రిజిరేషన్ పని. నంద్యాలలో పాలిటెక్నిక్ చదివి, హైదరాబాదులో ఐస్ ఫ్యాక్టరీలో కొన్నాళ్లు చేసి, ముప్పై ఏళ్లు నిండకముందే స్కిల్డ్ వీసా మీద క్వీన్స్‌లాండ్ వచ్చాను. పోయిన ఏడాది రిటైరై, వ్యాన్ తాళాలు ఆఫీసులో ఇచ్చేసి ఇంటికొచ్చాను. ఇప్పుడీ పనిలోకి వస్తున్న మన కుర్రవాళ్లు కొందరు ఫోన్ చేసి, "అంకుల్, ఏ కోర్సు చేస్తే మంచిది?" అని అడుగుతున్నారు. కోర్సుల సంగతి నాకు తెలియదు. ఒక కేసు చెబుతాను.

అప్పట్లో తెలుగువాళ్లంతా కంప్యూటర్ల వైపే. రెండు వేలలోకి అడుగుపెట్టగానే తేదీ సరిగ్గా చదవలేక యంత్రాలన్నీ ఆగిపోతాయని లోకం భయపడుతున్న కాలం. ఆ భయం పుట్టించిన ఉద్యోగం మీదే సిడ్నీకి వచ్చిన శ్రీను, నాతో పాలిటెక్నిక్ చదివినవాడు, వారానికోసారి ఫోన్ చేసేవాడు.

"ఏం రా దస్తగిరీ, లోకమంతా కంప్యూటర్లు తిప్పుతాంటే నువ్వు ఇంకా బర్రెల కాడనే ఉండావా?"

"బర్రెలు కాదురా, ఆవులు."

"ఆవులా? అయితే ప్రమోషన్ వచ్చినట్లే."

వాడి భయం చివరికి నా దగ్గరికీ వచ్చింది. పాల తొట్ల మీద ఉష్ణోగ్రతను చూసుకునే డిజిటల్ పెట్టెలు ఉంటాయి. వాటిలో చిప్పు ఉంటుంది, చిప్పులో తేదీ ఉంటుంది. పాల కంపెనీ మా చిన్న సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. పాలు పోసే ప్రతి రైతు దగ్గరికీ వెళ్లి మూడు విషయాలు చూడాలి. ఒకటి, తొట్టి మీది పెట్టె కొత్త సంవత్సరాన్ని తట్టుకుంటుందా. రెండు, ఉష్ణోగ్రత రాసి పెట్టే యంత్రం ఉందా. మూడు, పాలు వేడెక్కితే దానంతటదే కంపెనీకి ఫోన్ చేసే అలారం ఉందా. మూడూ ఉంటే సర్టిఫికెట్. సర్టిఫికెట్ లేనివాళ్ల దగ్గర జనవరి ఒకటి నుంచి పాలు ఎత్తరు.

కెన్ గురించి రెండు మాటలు. యాభై ఐదేళ్ల మనిషి, మాట కరుకు, చెయ్యి నిదానం. నన్ను మొదటి రోజే "డస్టీ" చేశాడు. దస్తగిరి అనే పేరు కష్టమేమీ కాదు, ఆయన ప్రయత్నించలేదు, అంతే. కానీ కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని, లోపల ఏ బేరింగ్ పోయిందో చెప్పేవాడు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ఆ చెయ్యి పెట్టడం. తిట్టడం మాత్రం నేర్చుకోలేదు.

రెండు షెడ్లు

జేకబ్ మెనొనైట్. ఎలి గారు ఆమిష్. రెండూ యూరప్‌లో కొన్ని వందల ఏళ్ల కిందట ఒకే వేరు నుంచి వచ్చిన క్రైస్తవ శాఖలు. బాప్తిస్మం పెద్దయ్యాకే, తెలిసి తీసుకోవాలంటారు. యుద్ధానికి పోరు. సాదా బట్టలు కడతారు. ఆస్ట్రేలియాలో ఇలాంటివాళ్లు బహు తక్కువ. నేను చూసినవి రెండు చిన్న గుంపులు, కంచెకు ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి. ఈ పక్కన ఆమిష్ వాళ్లు నాలుగే కుటుంబాలు.

లిడియా బాప్తిస్మానికి ముందే జేకబ్‌ను చేసుకుని మెనొనైట్లలో చేరింది. బాప్తిస్మం తీసుకున్నాక వదిలి వెళ్తేనే వెలివేస్తారు, ఆమె ముందే వెళ్లింది కాబట్టి ఆ మాట రాలేదు. ఆమె జేకబ్‌తో ఇక్కడికి వచ్చాక, ఎలి గారు భార్యను తీసుకుని, మరి మూడు కుటుంబాలతో వచ్చి పక్క పొలం తీసుకున్నారు. నేను ఆ పొలానికి వెళ్లేసరికి ఆ భార్య లేరు. పొలం మూలలో, కంచె పక్కనే ఆమె సమాధి ఉంది.

ఆ పొలాలకు వెళ్లిన మొదటి రోజు కెన్ నాతో అన్నాడు. "ఇద్దరూ ఒకటే, డస్టీ. గడ్డం, టోపీ. ఒకదానికి చేసిందే రెండోదానికి చెయ్. ఆర్వోలోపు రెండూ అయిపోవాలి."

ఆర్వో అంటే అక్కడివాళ్ల వాడుకలో మధ్యాహ్నం. మధ్యాహ్నం లోపు ఒక్కటే అయింది.

నాకు పట్టికలు వేసుకునే అలవాటు. ఒక కాగితం మీద రెండు నిలువు గీతలు గీసి, యంత్రాల పేర్లు రాసి, అవునో కాదో టిక్కులు పెట్టాను.

జేకబ్ షెడ్డులో కరెంటు ఉంది. పాలు పితికే యంత్రం కరెంటుదే. ట్రాక్టరు ఉంది, పొలం దున్నుతుంది. కారు ఉంది, కానీ దాని మెరిసే బంపర్లకు నల్ల రంగు వేశారు, రేడియో పీకేశారు. వంటింటి గోడకు ఫోను ఉంది. టీవీ లేదు. పాల పరీక్షల ఫలితాలు ఇంట్లోనే చూసుకోవచ్చని కంపెనీ రైతులకు తక్కువ ధరలో కంప్యూటర్ ఇస్తానంటే, జేకబ్ వద్దన్నాడు.

ఎలి గారికి ట్రాక్టరు ఉంది, కానీ అది కదలదు. షెడ్డు వెనక దిమ్మె మీద బోల్టులతో బిగించారు. దాని చక్రం నుంచి బెల్టు వేసి గడ్డి నరికే మిషన్ తిప్పుతారు. దున్నడానికి నాలుగు గుర్రాలు. పాలు పితికే యంత్రం ఉంది, డీజిల్ ఇంజనుతో నడుస్తుంది. తొట్టిలో పాలు కలిపే తెడ్డు గాలి ఒత్తిడితో తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా ముసలి ఎద్దులా బుసకొడుతుంది. ఇంట్లో బల్బు లేదు. ఫోను ఉంది, కానీ ఇంట్లో కాదు. దారి మొదట్లో చిన్న చెక్క గది కట్టి అందులో పెట్టారు, నాలుగు కుటుంబాలకూ అదొక్కటే.

నా పట్టికలో తర్కం దొరకలేదు. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను ఒప్పుకున్న మనిషికి పదిహేను వాట్ల బల్బు ఎందుకు తప్పయింది? ట్రాక్టరు దున్నితే తప్పు, నిలబడి గడ్డి నరికితే ఒప్పా? కంచె దగ్గర లిడియాను అడిగాను. ఆమె నా పట్టిక చూసి నవ్వింది.

"నువ్వు యంత్రాల పేర్లు రాశావు. మేము యంత్రాల పేర్లు చూడం. మా జేకబ్ వాళ్లు, ఈ యంత్రం ఇంట్లోకి ఏం తీసుకొస్తుంది అని అడుగుతారు. ట్రాక్టరు ఏమీ తీసుకురాదు, బురద తప్ప. టీవీ చాలా తెస్తుంది. నాన్న వాళ్లు ఇంకోటి అడుగుతారు. ఈ యంత్రం వస్తే నాకు ఎవరి అవసరం తీరిపోతుంది? ట్రాక్టరు పొలంలోకి దిగితే, గడ్డి కోతకు ఆ మూడు ఇళ్ల అవసరం ఉండదు. అప్పుడు వాళ్లు రారు."

"మరి బల్బు?"

"బల్బు కాదు, దాని తీగ. ఆ తీగ అవతలి కొస ఎవరి చేతిలో ఉందో నాన్నకు తెలియదు."

ఆ సాయంత్రం పట్టిక చింపేశాను.

చిప్పు లేని నేరం

జేకబ్‌ది తేలికైన కేసు. పాత పెట్టె తీసి కొత్తది పెట్టాం, అలారాన్ని ఫోను తీగకు కలిపాం, అయిపోయింది.

ఎలి గారి తొట్టికి తేదీతో పనే లేదు. రెండు వేల సంవత్సరం వచ్చినా, మూడు వేలు వచ్చినా ఆ బెల్టు తిరుగుతుంది. క్వీన్స్‌లాండ్ మొత్తం మీద ఈ భయానికి అతీతమైన షెడ్డు ఏదైనా ఉంటే అదే. కానీ కంపెనీ ఫారంలో "చిప్పు పరీక్షించబడింది" అన్న గడి ఉంది గానీ "చిప్పు లేదు" అన్న గడి లేదు. గడి ఖాళీగా ఉంటే ఫెయిల్. ఉష్ణోగ్రత రాసే యంత్రం లేదు, ఫెయిల్. అలారం లేదు, ఫెయిల్.

కెన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఈయన దగ్గర చెడిపోవడానికి ఏమీ లేదని ఈయన్ని ఫెయిల్ చేస్తున్నార్రా."

కంపెనీ మాట మేమే చెప్పాల్సి వచ్చింది. ఎలి గారు విని, తల ఊపి, ఆవు పొదుగు తుడవడం పూర్తి చేశారు. తరువాత చేతులు కడుక్కుని వచ్చి, "దస్తగిరీ," అన్నారు. ఆ దేశంలో నా పేరును పూర్తిగా పలికిన మొదటి మనిషి ఆయనే. "పాలు అమ్ముడుపోకపోతే నాకు ఇక్కడ పని లేదు. పని లేని మనిషి పిల్లల ఇంట్లో కూర్చోకూడదు. ఓహాయోలో నా తమ్ముళ్లకు ఇంకా పొలం ఉంది. చేతనైనంత సాయం చేస్తూ ఉండొచ్చు."

లిడియా పాల బిందె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

కందకం

వారం తిరక్కుండానే వెళ్లేసరికి జేకబ్ పొలంలో కొత్త కందకం కనిపించింది. జేకబ్ షెడ్డు నుంచి తిన్నగా వచ్చి కంచె దగ్గర ఆగింది. ట్రాక్టరుతో ఒక్క ఆర్వోలో తవ్వేశాడు. కేబుల్ చుట్ట పక్కనే ఉంది. ఇది కెన్ ఇచ్చిన సలహానే. జేకబ్ కరెంటును కంచె దాటిస్తే, డిజిటల్ పెట్టె, రికార్డరు, అలారం మూడూ ఎలి గారి షెడ్డులో పెట్టేయవచ్చు. మీటరు జేకబ్ పేరునే ఉంటుంది. లిడియా సరేనంది. వద్దనడానికి ఆమెకు మనసు రాలేదు.

ఎలి గారిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆయన కంచె దగ్గరికి వచ్చి కందకం కొసన చాలాసేపు నిలబడ్డారు. దాని పక్కనే భార్య సమాధి. జేకబ్ టోపీ చేతిలో పట్టుకుని, నేలను చూస్తున్నాడు.

"మంచి కందకం," అన్నారు ఎలి గారు. "లోతు సమంగా ఉంది."

"మామా, మీరు ఊ అంటే..."

"ఆదివారం మావాళ్లను అడుగుతాను."

ఇంటికి వచ్చి మాబున్నికి చెప్పాను. మాబున్ని నా భార్య. అన్నం వారుస్తూ విన్నది.

"ఆయన కోసమే కదా తవ్వింది. ఇంత మేలు చేస్తుంటే ఇంకా అడగాలంటాడు," అన్నాను.

"నువ్వూ అంతే కదా. నాకు చెప్పకుండా డిష్‌వాషర్ తెచ్చి పెట్టినావు."

"అది నీ కష్టం తగ్గుతుందని."

"గిన్నెలు తోముకునేటప్పుడే కదయ్యా పక్కింటి జోన్ ఆంటీ కిటికీ కాడికి వచ్చి మాట్లాడేది. ఆ మిషన్ వచ్చినాక ఆమె రావడమే మానేసింది. దాంట్లో ఇప్పుడు ఉల్లిగడ్డలు పెట్టుకున్యాను, పోయి చూడు."

వెళ్లి చూశాను. నిజమే, ఉల్లిగడ్డలు.

ఆదివారం ప్రార్థన, భోజనాలు అయ్యాక నాలుగు కుటుంబాలు కూర్చున్నాయి. కేబుల్ వద్దని తేలింది. ఎవరూ గొంతు పెంచలేదని లిడియా చెప్పింది. గొంతు పెంచి ఉంటే తనకు తేలికగా ఉండేదని కూడా చెప్పింది. కందకం అలాగే ఉంది. వాన పడితే అందులో నీళ్లు నిలిచేవి.

చేయగలిగింది

ఇక్కడ కుర్రవాళ్లకు ఒక మాట. రైతు వద్దన్నాక రెండు దారులుంటాయి. ఆయనది మూర్ఖత్వం అని ఫారం మీద రాసి వ్యాన్ ఎక్కడం సులువు. రెండోది, ఆయన "వద్దు"ను కూడా ఒక కొలతగా తీసుకోవడం. గుమ్మం ఎత్తు ఇంత అన్నట్టు, గోడ మందం ఇంత అన్నట్టు. గుమ్మం చిన్నదైతే గుమ్మాన్ని తిట్టం, చిన్న యంత్రం తెస్తాం.

ఆ కొలతతో మళ్లీ మొదలుపెట్టాను. కంపెనీ అడిగినవి మూడు. చిప్పు పరీక్ష గురించి కెన్ కంపెనీతో ఫోన్‌లో పోట్లాడాడు. ఆయన వాడిన మాటలు ఇక్కడ రాయలేను, కానీ ఫారంలో చేత్తో ఒక గడి గీసి "చిప్పు లేదు" అని రాయడానికి వాళ్లు ఒప్పుకున్నారు.

ఉష్ణోగ్రత రాసే యంత్రం నాకు దొరికింది. మా వర్క్‌షాపు వెనక పాత సామానులో, తాళం తిప్పితే గడియారంలా నడిచే రికార్డరు. గుండ్రటి కాగితం ఒకటి వారానికి ఒక చుట్టు తిరుగుతుంది. సిరా ముల్లు దాని మీద గీత గీస్తుంది. కరెంటు అక్కర్లేదు. దాన్ని తుడిచి, నూనె వేసి, ముల్లు సరిచేసి, ఒక శనివారం ఎలి గారి తొట్టికి బిగించాను. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని టిక్‌టిక్ విని, మొదటిసారి నా ముందు నవ్వారు.

మిగిలింది అలారం. కంపెనీకి ఫోన్ చేసే యంత్రం. దీనికి నా దగ్గర ఏమీ లేదు. చెక్క గదిలో ఫోను ఉంది గానీ అది ఎవరైనా నడిచి వెళ్లి చెయ్యాల్సిన ఫోను.

"ఆ ఫోన్ ఎవరు చేస్తే ఏం?" అంది లిడియా. "పాలు వేడిగా ఉన్నాయా లేదా అని కంపెనీకి తెలియాలి, అంతేగా. నేను రోజూ సాయంత్రం పాలయ్యాక వచ్చి చూసి, మా ఇంటికి వెళ్లి వాళ్లకు చెబుతాను."

"రోజూనా?" అన్నాడు కెన్. "యంత్రం అయితే పాలు వేడెక్కితేనే చేస్తుంది."

"నేను వేడెక్కకపోయినా చేస్తాను."

ఎలి గారు ఆమె వైపు చూశారు. రెండు పొలాలూ పక్కపక్కనే అయినా, ఆమె ఆ షెడ్డులోకి ఎప్పుడో గానీ వచ్చేది కాదట. ట్రాక్టరుతో పొలం పెద్దదైంది, పొలం పెద్దదయ్యాక పని పెద్దదైంది. జేకబ్ తర్వాత నాతో అన్నాడు ఆ మాట, కొంచెం సిగ్గుపడుతూ.

కంపెనీ డిసెంబరులో కొన్ని వారాలు పరీక్షగా చూద్దామంది.

ఒక గీత మీద ఇంకో గీత

గుండ్రటి కాగితాన్ని ప్రతి శనివారం మార్చాలి. పరీక్షలో చివరి వారం నేనే వచ్చి మారుస్తానని ఎలి గారితో చెప్పాను, ముల్లు ఒకసారి చూసినట్టుంటుందని. శనివారం ఇంకో పొలంలో కంప్రెసర్ ఆగిపోయింది. ఆదివారం ఉదయం వెళ్లాను. ఒక పూట ఆలస్యమైతే ఏముందిలే అనుకున్నాను.

ఎలి గారు గేటు దగ్గరే ఆపారు. "ఆదివారం ఆవులకు మేత, పాలు. అంతే. పని రేపు. ఇప్పుడు భోజనానికి రా. మీ ఆవిడను కూడా తీసుకురావలసింది."

"కాగితం నిన్నే మారాలి, మీరు మార్చి ఉంటే..."

"నువ్వు వస్తానన్నావు కదా."

లోపలికి వెళ్లాను. పొడుగాటి బల్ల, నాలుగు కుటుంబాల మనుషులు, రొట్టె, వెన్న, మాంసం, ఉడికించిన కూరగాయలు. నేను మాంసం తినకపోవడం చూసి ఎందుకని అడిగారు. హలాల్ సంగతి చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకావిడ వెన్న గిన్నె నా వైపు జరిపింది.

భోజనం అయ్యాక ఎలి గారు నన్ను మా ఇంటి వాళ్లు ఏం చేసేవారని అడిగారు.

"మేము దూదేకులవాళ్లం. మా తాత ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. పెద్ద విల్లు ఉండేది. దాని తంతిని మీటితే దూది విడిపోయి మబ్బులా లేచేది. ఆ చప్పుడు విని ఆడవాళ్లు పాత పరుపులు బయటికి తెచ్చేవాళ్లు."

"ఇప్పుడు?"

"ఏకే మిషన్ వచ్చింది. విల్లు అటక ఎక్కింది. తాత ఆ మిషన్ దగ్గరే కూలికి పోయినాడు."

"మిషన్ వద్దని ఆయన అనలేదా?"

"ఆయన్ని ఎవరడిగినారు?"

"మిషన్ చెడ్డదని నేననను," అన్నారు ఎలి గారు. "నా షెడ్డు నిండా మిషన్లే. మమ్మల్ని అడిగేవాళ్లు ఉన్నారు, మీ తాతను అడిగేవాళ్లు లేరు. అదొక్కటే తేడా."

నేను చాలా ఆఫీసుల్లో చాలా మీటింగులు విన్నాను. మా తాతలాంటి మనిషిని అడగాలన్న మాట మాత్రం అక్కడే విన్నాను.

సోమవారం వెళ్లి కాగితం విప్పితే, శని ఆదివారాల గీత, వారం కిందటి శని ఆదివారాల గీత మీద పడి ఉంది. ఏది ఏదో తెలియలేదు. కంపెనీ ఆ రెండు రోజులు చదవలేమంది. చదవలేని రికార్డు ఉంటే పరీక్ష తప్పినట్టేనంది.

కెన్ నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన అనకపోవడం చాలా అరుదు. ఫోన్ తీసి కంపెనీ వాళ్లతో అన్నాడు. "శనివారం సాయంత్రం ఒకావిడ ఫోన్ చేసి టెంపరేచర్ చెప్పిందా లేదా? ఆదివారం చెప్పిందా లేదా? మీ వాళ్లు రాసుకున్నారా లేదా? అయితే మీ దగ్గరే ఉంది రికార్డు. వెళ్లి చూసుకోండి."

చూసుకున్నారు. రెండు రోజులూ ఉన్నాయి. కంపెనీ ఒక మెట్టు దిగింది. జనవరి ఒకటిన డ్రైవరు తన థర్మామీటరుతో తానే కొలవాలి. నాలుగు డిగ్రీల లోపు ఉంటే పాలు ఎత్తి, సర్టిఫికెట్ ఇస్తారు. పైన ఉంటే అంతటితో సరి.

ఆ ఉదయం

లోకంలో ఏమీ ఆగలేదని అందరికీ తెలుసు. జేకబ్ కొత్త పెట్టె తేదీ మార్చుకుని తన పని తాను చేసుకుంది. ఎలి గారి తొట్టికి కొత్త సంవత్సరం వచ్చిందన్న సంగతే తెలియదు. మేము భయపడని ఒక్క విషయం జరిగింది. సెలవు రోజు కాబట్టి ట్యాంకరు ముందుగా వచ్చేసింది.

పాలు పితకడం అప్పుడే అయింది. ఆవు పొదుగులోంచి వచ్చిన పాలు ఒంటి వేడితో ఉంటాయి. చల్లబడడానికి టైం కావాలి. డ్రైవరు లావుపాటి మనిషి, పొట్టి నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు. మూత ఎత్తి థర్మామీటరు ముంచాడు. చూశాడు. మళ్లీ చూశాడు.

"ఏడు దాటింది, మేట్."

ఎలి గారు ఇంజను పక్కన నిలబడి బెల్టును చూస్తున్నారు. లిడియా తెల్ల టోపీ కింద మొహం తెల్లగా పాలిపోయింది. రూలు ప్రకారం అతను మూత వేసి వెళ్లిపోవచ్చు. అతని రూటులో ఇంకా ఎన్నో పొలాలున్నాయి. నేను లెక్క వేస్తున్నాను, మంచు ట్యాంకులో ఎంత చలువ మిగిలి ఉంది, ఎన్ని లీటర్లు, ఎంతసేపు. లెక్క ప్రకారం చల్లబడాలి. కానీ లెక్కకు కావలసినంత సేపు ఈ మనిషి ఉండాలి.

కెన్ అన్నాడు. "పొద్దున ఏమైనా తిన్నావా నువ్వు?"

డ్రైవరు అనుమానంగా చూశాడు. "ఎందుకు?"

"అడిగాను."

"లేదు. నిన్నటి పార్టీ ఇంకా తల మీద కూర్చుంది."

లిడియా అప్పటికే కంచె వైపు నడుస్తోంది. ఆ కందకాన్ని డిసెంబరులోనే ఎలి గారు గుర్రాలతో మట్టి లాగించి పూడ్చేశారు. పూడ్చిన మట్టి మీద గడ్డి మొలవలేదు. రోజూ సాయంత్రం ఆమె దాని మీదే నడిచింది కదా, జేకబ్ షెడ్డు నుంచి తిన్నగా, అమ్మ సమాధి పక్క నుంచి, సన్నటి దారి పడింది. ఆ దారిన వెళ్లి ఆ దారినే రొట్టె, వెన్న, పీచ్ జాము, టీ కెటిల్ పట్టుకొచ్చింది. మాబున్ని ముందు రోజు చేసిచ్చిన ఓళిగలు నా వ్యాన్‌లో ఉన్నాయి. అవి కూడా తీశాను.

డ్రైవరు బోర్లించిన బిందె మీద కూర్చున్నాడు. ఓళిగను తిప్పి చూసి, "ఇదేంటి, పాన్‌కేకా?" అన్నాడు.

"లోపల పప్పు, బెల్లం."

"పప్పా? పొద్దున్నే?" అంటూనే ఒకటి తిన్నాడు. ఇంకోటి తీసుకున్నాడు. జేకబ్ అతన్ని వాన గురించి అడిగాడు. అతను వాన గురించి చెప్పాడు. రైతులతో వాన గురించి మొదలుపెడితే ఆ మాట అంత తొందరగా ముగియదు. ఎలి గారు తమ ఊళ్లో మంచు పడే సంగతి చెప్పారు, పాలు వాటంతటవే గడ్డకట్టే రోజుల గురించి. డ్రైవరు నవ్వాడు. తెడ్డు బుసకొడుతూ తిరుగుతోంది. బెల్టు చప్పుడు సమంగా ఉంది. నేను దగ్గరికి వెళ్లి కంప్రెసర్ మీద చెయ్యి పెట్టాను, కెన్ నేర్పినట్టు. బేరింగులు బాగున్నాయి.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పాలనుకున్నది ఆ షెడ్డులోనే ఉంది. చల్లబరచడం అంటే వేడిని తీసేయడం, అంతే. దాన్ని ఎంత గట్టి యంత్రంతో తీసినా, కొంత సేపు పడుతుంది. ఆ కాసేపు పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి.

డ్రైవరు టీ కప్పు కింద పెట్టి, చేతులు నిక్కరుకు తుడుచుకుని లేచాడు. లిడియా వెళ్లి తండ్రి పక్కన నిలబడింది. అతను మూత ఎత్తి, థర్మామీటరు ముంచి, ఆగి, బయటికి తీసి వెలుతురుకు ఎత్తి చూశాడు. తర్వాత ట్యాంకరు గొట్టం లాక్కొచ్చి తొట్టికి తగిలించాడు.

మూడు పాయింట్ ఎనిమిది డిగ్రీలు.